లాప్‌టాప్ తాళం: తీగ కన్నా ముందు కట్టే చోటు చూడండి

లాప్‌టాప్‌ని కదలని వస్తువుకి ఉక్కు తీగతో కట్టి ఉంచే కేబుల్ తాళం కొనడానికి వెళ్ళినవాళ్ళు ముందుగా అడిగేది "ఏ కంపెనీది గట్టిదండీ?" అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది, మీ లాప్‌టాప్‌కి ఏ రకం గాడి ఉంది? రెండోది, తీగ రెండో కొస దేనికి కడతారు? ఈ రెండూ తేల్చుకోకుండా కొంటే ఎంత ఖరీదైన తాళమైనా ఆ డబ్బు గోదాట్లో కలిసినట్టే.

ఇంకో మాట ముందే ఒప్పుకుందాం. బోల్ట్ కట్టర్ చేతబట్టుకుని వచ్చినవాణ్ణి ఈ తాళం ఆపలేదు. పక్కవాడు టీకి లేచినప్పుడు బల్ల మీదున్నది చంకలో పెట్టుకుని నడిచిపోయే మనిషిని ఆపుతుంది. హాస్టల్ గదులు, కోచింగ్ సెంటర్లు, రోడ్డు మీదకి తెరిచి ఉండే జిరాక్సు షాపులు, మీసేవ కౌంటర్లు, వీటిలో వస్తువు పోయేది చాలావరకు ఆ పది సెకన్లలోనే. ఆ పది సెకన్లను ఐదు నిమిషాలు చేస్తే చాలు, చేయి పెట్టినవాడు వదిలేసి పోతాడు.

గాడి సంగతి. లాప్‌టాప్ పక్కన, ఎక్కువగా మడత దగ్గర, చిన్న చీలిక ఉంటుంది. 1992లో కెన్సింగ్టన్ కంపెనీ తెచ్చిన కొలత 7 మి.మీ. పొడవు, 3 మి.మీ. వెడల్పు, మూలలు గుండ్రం. పాత, మందపాటి లాప్‌టాప్‌లకూ, మానిటర్లకూ, ప్రొజెక్టర్లకూ ఉండేది ఎక్కువగా ఇదే. పలుచని వాటికి నానో గాడి వస్తోంది, 6 మి.మీ. పొడవు, 2.5 మి.మీ. వెడల్పు. డెల్‌లో చాలా మోడళ్ళకు మూడో రకం, వెడ్జ్ గాడి ఉంటుంది. అది సుమారు 4.5 మి.మీ. పొడవు, 3.2 మి.మీ. వెడల్పు. చూస్తే ముచ్చటగా చిన్న చతురస్రంలా కనిపిస్తుంది. మూడూ ఒకటేలే అనుకుని కొంటే మామూలు తాళం నానోలో దూరదు. నానో తాళం మామూలు గాడిలో దూరుతుంది గానీ వదులుగా ఊగుతుంది, ఒక్క మెలికకి బయటికి వచ్చేస్తుంది.

కొలవడానికి వెర్నియర్ అక్కర్లేదు. గాడి మీద పలుచని కాగితం పరిచి పెన్సిల్ ములుకును పడుకోబెట్టి రుద్దండి. గాడి ఆకారం కాగితం మీద పడుతుంది. దాన్ని స్కేలుతో కొలిచి ఆ కాగితం ముక్కే షాపుకి పట్టుకెళ్ళండి. ఆన్‌లైన్‌లో కొంటే మోడల్ నంబరు కొట్టి కంపెనీ వివరాల పేజీలో సెక్యూరిటీ స్లాట్ అన్న వరసలో ఏం రాశారో చూడండి.

గాడిలో జరిగేదేమిటంటే, తాళం మూతి మీద టీ ఆకారపు ముక్క ఉంటుంది. అది గాడిలో నిలువుగా దూరి, లోపల 90 డిగ్రీలు తిరిగి అడ్డంగా నిలబడుతుంది. తిరిగిన తర్వాత పక్కనున్న రెండు చిన్న పిన్నులు ముందుకొచ్చి గాడిలో మిగిలిన ఖాళీని నింపుతాయి. ఆ పిన్నులు సరిగా కూర్చుంటేనే అది వెనక్కి తిరగదు. అందుకే తాళం వేశాక మూతిని రెండు వేళ్ళతో పట్టి తిప్పి చూడాలి. ఊగుతుంటే ప్యాకెట్‌లో ఇచ్చిన రబ్బరు వాషర్ మూతికీ లాప్‌టాప్‌కీ మధ్య పెట్టండి. చాలామంది ఆ వాషర్‌ని ప్యాకెట్‌తో పాటు పారేస్తారు. వదులుగా ఉన్న మూతి గునపంలా పనిచేస్తుంది. దాన్ని పట్టుకుని వంచితే ప్లాస్టిక్ బాడీ ఉన్న లాప్‌టాప్‌లో గాడి అంచే చిరిగిపోతుంది. గాడి వెనక ఇనుప రేకు ఉన్న మోడళ్ళు దీన్ని బాగా తట్టుకుంటాయి, బాడీలోనే అచ్చుపోసిన ప్లాస్టిక్ గాడి తట్టుకోదు. అలా చిరిగితే వస్తువు పోతుంది, కానీ గాడి చుట్టూ పగిలిన లాప్‌టాప్‌ని అమ్ముకోవడం దొంగకి కష్టమవుతుంది. తాళం పనిలో అదీ ఒక భాగమే.

కొనేముందు ఇంకోటి చూడండి. గాడి పక్కనే యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ రంధ్రాలుంటే లావు మూతి తాళం వాటిని మూసేస్తుంది. అప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టాలన్న ప్రతిసారీ తాళం తీస్తారు, వారం తిరిగేసరికి వేయడమే మానేస్తారు. అలాంటి లాప్‌టాప్‌లకు సన్నమూతి తాళమే తీసుకోండి.

తీగ మామూలుగా 1.8 మీటర్లు వస్తుంది. ప్లాస్టిక్ తొడుగు వల్ల లావుగా కనిపించి మోసం చేస్తుంది, లోపలి ఉక్కు ఎంతుందో అడగండి. లోపల 3 మి.మీ. కన్నా తక్కువుంటే ఎలక్ట్రీషియన్ దగ్గరుండే కటింగ్ ప్లేయర్‌తోనే పోగు పోగుగా కొరికేయొచ్చు. 4.5 నుంచి 5.5 మి.మీ. ఉంటే దానికి పనిగట్టుకుని వేరే పనిముట్టు తెచ్చుకోవాలి, అది చొక్కాలో దాగదు.

తాళంచెవా, నంబర్లా అంటే నేను తాళంచెవి వైపే. మూడంకెల నంబరు తాళంలో వెయ్యి కలయికలే. ఒక్కోదానికి మూడు సెకన్లు వేసుకున్నా 50 నిమిషాల్లో అన్నీ అయిపోతాయి, హాస్టల్ గదిలో ఒక మధ్యాహ్నం చాలు. నాలుగంకెలదైతే అదే లెక్కన ఎనిమిది గంటల పైచిలుకు పడుతుంది. కానీ చవక రకాల్లో మూతిని లాగి పట్టుకుని చక్రాలు తిప్పుతుంటే సరైన అంకె దగ్గర చేతికి తెలిసిపోతుంది, అప్పుడు ఈ లెక్క పనిచేయదు. పైగా తాళం వేశాక చాలామంది చివరి చక్రం ఒక్కటే కదుపుతారు. నాలుగూ చెదరగొట్టాలి. నంబరు మార్చేటప్పుడు తాళం తెరిచి ఉన్నప్పుడే చిన్న మరను తిప్పాలి, కొత్త అంకెలు పెట్టాక మరను పూర్తిగా వెనక్కి తేవాలి. సగంలో వదిలేస్తే, చక్రాలు కదిలినప్పుడల్లా నంబరు మారిపోయి, చివరికి మీకే తెలియని నంబరుతో మూసుకుంటుంది. మరను తిప్పేముందు కొత్త అంకెల్ని ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

తాళంచెవి రకాల్లో గుండ్రని గొట్టం చెవి ఉండేవాటిని చవకగా వచ్చాయని తీసుకోకండి. 2004లో ఇలాంటి గొట్టం చెవి ఉన్న సైకిల్ తాళాలు మామూలు బాల్‌పెన్ గొట్టంతో తెరుచుకున్నాయని ప్రపంచమంతా చూసింది. మంచి కంపెనీలు ఆ తర్వాత లోపలి పిన్నుల అమరిక మార్చాయి, పేరు లేని నకళ్ళలో పాత అమరికే ఉండొచ్చు. ఎన్నుకునే వీలుంటే రెండు వైపులా గాట్లున్న చదును తాళంచెవి మేలు.

ఇక అసలు సంగతి, కట్టే చోటు. తాళం ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

కట్టే వస్తువుకి కొస ఉండకూడదు. తీగ ఉచ్చు మీద వేలు పెట్టి, ఆ వస్తువు పొడవునా జరుపుకుంటూ పోండి. ఎక్కడైనా ఉచ్చు జారి బయటికి వచ్చేస్తే ఆ చోటు పనికిరాదు. బల్ల కాలికి కింద కొస ఉంది, బల్ల ఎత్తితే తీగ ఊడొస్తుంది. ఇనుప మంచం కాలూ అంతే. అదే మంచంలో రెండు కాళ్ళనీ కలుపుతూ వెల్డింగ్ చేసిన అడ్డకమ్మీ ఉంటుంది, దానికి కొస లేదు, అక్కడ కట్టండి. బీరువా పిడికి కడుతుంటారు. పిడి రెండు మరల మీద నిలబడి ఉంటుంది, స్క్రూడ్రైవర్ చాలు. బీరువా ఉన్న ఇంట్లో లాప్‌టాప్‌ని లోపలే పెట్టి తాళం వేయడం మేలు.

పాత మండువా ఇళ్ళలో వసారా స్తంభాన్ని మించిన చోటు లేదు. కింద రాయి, పైన దూలం, ఎటూ జారదు. 20 సెం.మీ. అడ్డకొలత ఉన్న స్తంభం చుట్టూ తీగ తిప్పితే 63 సెం.మీ. పోతుంది, ఇంకా మీటరు పైన మిగులుతుంది. అలాంటి ఇళ్ళ గోడలు పాత సున్నపు కట్టుబడి. వాటిలో బిగించినప్పుడు వ్యాకోచించే యాంకర్ బోల్టు వేస్తే ఇటుక పగిలి బోల్టు చేతికి వస్తుంది. స్తంభం ఉంటే గోడ జోలికి పోవద్దు.

కొత్త ఇంట్లో గోడకి కొక్కెం వేయాలంటే ఇటుకల మధ్య సిమెంటు అతుకులో కాకుండా ఇటుక నడుమ డ్రిల్ చేయాలి. గోడ మీది ప్లాస్టరింగ్ 12 నుంచి 20 మి.మీ. ఉంటుంది, దానికి బలం లేదు, దాన్ని లెక్కలోంచి తీసేయండి. ఇటుకలోకి కనీసం 50 మి.మీ. దిగాలి. 8 మి.మీ. బోల్టుకి 8 మి.మీ. రంధ్రమే సరిపోతుందని అనుకోకండి, కొన్ని యాంకర్లకు బయటి గొట్టం లావుని బట్టి 10 లేదా అంతకన్నా పెద్ద రంధ్రం కావాలి. ప్యాకెట్ మీద ఉన్న కొలతే చూడండి. రంధ్రంలోని పొడిని ఊదేయకుండా బిగిస్తే యాంకర్ పట్టదు, తిరుగుతూనే ఉంటుంది. సిమెంటు స్తంభంలో డ్రిల్ చేస్తూ కమ్మీ తగిలితే అక్కడే పోరాడకుండా 3, 4 సెం.మీ. పక్కకి జరగండి.

బల్లకి వేయడమైతే చెక్కని బట్టి పని. టేకు బల్లకి ఆరుపారు రంధ్రం చేసి, కన్ను ఉన్న 8 మి.మీ. బోల్టు పైనుంచి దింపి, కింద వెడల్పాటి వాషర్, నైలాన్ పట్టు ఉన్న నట్టు వేసి బిగించండి. బిగించాక నట్టు కింద మిగిలిన మరల మీద సుత్తితో రెండు దెబ్బలు వేసి చదును చేస్తే నట్టు తిరిగి రాదు. ఆన్‌లైన్‌లో వచ్చే పొట్టు అట్ట బల్లలకు అంటే పార్టికల్ బోర్డువాటికి వాషర్ ఆగదు, లాగితే వాషర్‌తో సహా అట్టలోంచి పైకి వచ్చేస్తుంది. వెల్డింగ్ షాపులో 10 సెం.మీ. చదరం, 3 మి.మీ. మందం ఇనుప రేకు ముక్క కోయించి, మధ్యలో రంధ్రం పెట్టించి, పలక అడుగున వాషర్ బదులు అది వేయండి.

కిటికీ చువ్వల విషయంలో రెండు వైపులా ఆలోచించాలి. ఎండాకాలం రాత్రి కిటికీలు తెరిచే పడుకుంటాం. చువ్వల మధ్య 10 సెం.మీ. సందుంటే లాప్‌టాప్‌ని నిలువుగా తిప్పి బయటికి లాగేయొచ్చు, దాని మందం 2 సెం.మీ.యే కదా. కాబట్టి కిటికీ దగ్గరి బల్ల మీద పెడితే తాళం తప్పనిసరి, కానీ ఆ చువ్వలకే కట్టకండి. బయట నిలబడ్డవాడికి తీగా, తాళమూ రెండూ చేతికందుతాయి, తీరిగ్గా కోసుకుంటాడు. గది లోపలి వైపున కట్టండి.

రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో సరుగుడు వాసాలు, తాటాకు కప్పు తప్ప ఏమీ ఉండవు. సరుగుడు వాసాన్ని చేతిరంపం చిటికెలో తెంపుతుంది. అక్కడ లెక్కల టాబ్ ఉంచాల్సివస్తే జనరేటర్ అడుగు ఫ్రేముకి తీగ కట్టి, టాబ్‌ని ఇనుప ట్రంకుపెట్టెలో పెట్టి ఆ పెట్టెను తీగతో బంధించండి. పెట్టె పిడికి కాదు, పిడి రివెట్లు ఇట్టే ఊడతాయి. పెట్టె వెనక గోడకి రెండు రంధ్రాలు చేయించి తీగను లోపలినుంచి దూర్చాలి. రంధ్రాల అంచులకు రబ్బరు గొట్టం ముక్కలు వేయకపోతే రేకు తీగ తొడుగుని చీరేస్తుంది.

తాళం వేసే వరస ఇది. తీగ కొసన ఉన్న కన్నుని కట్టే చోటు చుట్టూ తిప్పి, తాళం మూతిని ఆ కంటిలోంచి లాగి ఉచ్చు బిగించండి. ఇంకా పొడవు మిగిలితే మరో రెండు చుట్లు వేయండి. తర్వాతే లాప్‌టాప్ గాడిలో మూతి దూర్చి తాళం తిప్పండి. మూత తెరిచి, లాప్‌టాప్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పుకోవడానికి ఒక జానెడు సడలింపు చాలు. తీగ నేల మీద పడి ఉండకూడదు. కాలికి తగిలితే మనిషీ పడతాడు, లాప్‌టాప్ కూడా పడుతుంది. రోజూ నేల తడిపి తుడిచే ఇంట్లో తీగ ఎప్పుడూ తడుస్తూ ఉంటుంది.

తడి అంటే గుర్తొచ్చింది, మన గోదావరి ప్రాంతంలో తాళాలు దొంగ చేతిలో కన్నా ముందు గాలి చేతిలో పాడవుతాయి. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ఉప్పుగాలి. లోపలి ఊళ్ళలో కాలవల చెమ్మ, వానాకాలం నిమ్ము. తాళం మూతి ఎక్కువగా జింకు కలిసిన లోహంతో పోసి పైన మెరుగు పూస్తారు. ఆ మెరుగు గీరుకుపోయిన చోట తెల్లటి పొడిలా వస్తే అది జింకు తినేస్తున్న గుర్తు. ఎర్ర తుప్పు తాళంచెవి రంధ్రంలో కనిపిస్తే లోపలి స్ప్రింగులు పోతున్నాయన్నమాట. తీగకి మరీ కనిపించని జబ్బు వస్తుంది. ప్లాస్టిక్ తొడుగుకి చిన్న గాటు పడితే ఉప్పు చెమ్మ లోపలికి దిగి అక్కడే నిలిచిపోతుంది, ఆరే దారి ఉండదు. బయటికి తొడుగు నున్నగానే ఉంటుంది, లోపల పోగులు ఒక్కొక్కటే తెగిపోతుంటాయి. నెలకోసారి తీగను వేళ్ళ మధ్య నుంచి పొడవునా లాగి చూడండి. ఎక్కడైనా ఉబ్బు తగిలినా, వంచితే కరకరలాడినా ఆ తీగ మార్చేయాలి.

తాళం బిగుసుకుంటే మనకి వెంటనే చేతికొచ్చేది కొబ్బరినూనె. వేయకండి. 24 డిగ్రీల కిందకి వస్తే అది పేరుకుంటుంది, సంక్రాంతి రోజుల తెల్లవారుజామున తాళంచెవి సగం తిరిగి ఆగిపోతుంది. ఎండాకాలం దుమ్ముని పట్టుకుని బంకలా తయారవుతుంది. కుట్టుమిషను నూనె కొంచెం నయం, అయినా దుమ్ము పడుతుంది. తడిసిన తాళంలోంచి నీరు తోసేయడానికి డబ్ల్యూడీ-40 పనికొస్తుంది, దాని మీదే ఆధారపడితే మాత్రం ఆరిపోయాక పొడిబారుతుంది. ఆరాక పొడి టెఫ్లాన్ స్ప్రే ఒక చిటికెడు కొట్టి, తాళంచెవిని పదిసార్లు దూర్చి తీయండి. ఈ పని లాప్‌టాప్ నుంచి తాళం విడదీశాకే. గాడిలో ఉండగా కొడితే స్ప్రే లోపలి బోర్డు మీద పడుతుంది.

రైలు ప్రయాణం వేరే లోకం. కాకినాడ నుంచి హైదరాబాద్ వైపు రాత్రంతా నడిచే గౌతమి లాంటి బళ్ళలో కింది బెర్తు అడుగున గొలుసు కట్టుకోవడానికి ఇనుప రింగులుంటాయి. అందరూ బ్యాగు పిడికి గొలుసు వేసి నిశ్చింతగా పడుకుంటారు. బ్యాగు జిప్పుని బాల్‌పెన్ మొనతో గుచ్చి విప్పొచ్చు, పని అయ్యాక జిప్పు ముక్కని అటూ ఇటూ లాగితే ఏమీ జరగనట్టు మూసుకుపోతుంది. గొలుసు, బ్యాగు తెల్లవారి అక్కడే ఉంటాయి, లోపలిది ఉండదు. కేబుల్ తాళం ఉన్నప్పుడు తీగ ఉచ్చుని రింగుకి వేసి, మూతిని జిప్పు చివరి సందులోంచి లోపలికి తీసుకెళ్ళి నేరుగా లాప్‌టాప్ గాడికే తాళం వేయండి. జిప్పు విప్పినా వస్తువు కదలదు. పై బెర్తు దొరికితే తలకింద పెట్టుకోవడమే ఉత్తమం.

తీర్థాలు, ఉత్సవాల తాత్కాలిక కౌంటర్లకు ఇంకో ఉపాయం ఉంది. 2027 గోదావరి పుష్కరాలకు ఘాట్ల దగ్గర ఎన్నో వస్తాయి. మడత బల్లకి కట్టి లాభం లేదు, టెంటు గుంజ పైకి పీకితే ఊడొస్తుంది. అలాంటిచోట మూడు లాప్‌టాప్‌లుంటే మూడింటినీ ఒకే తీగ మీద కలిపి కట్టండి. ఒక తీగకి రెండు, మూడు మూతులున్న తాళాలు దొరుకుతాయి. మూడు లాప్‌టాప్‌ల గుత్తిని పట్టుకుని జనంలో నడవడం ఎవరికీ సాధ్యం కాదు.

గాడి లేని వస్తువులూ ఉన్నాయి. మ్యాక్‌బుక్ ఎయిర్‌కి మొదటినుంచీ గాడి లేదు. టాబ్‌లు, వేలిముద్ర యంత్రాలు, హార్డ్ డిస్కులదీ అదే పరిస్థితి. వీటికి అంటించే ఇనుప పలక వస్తుంది, దానికి తాళం వేసుకోవాలి. బలమంతా బంకదే కాబట్టి అంటించే పద్ధతి ముఖ్యం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌నీ నీళ్ళనీ సగం సగం కలిపి, శుభ్రమైన గుడ్డతో ఆ చోటు తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. మన నిమ్ములో పైకి ఆరినట్టు కనిపించినా సన్నటి చెమ్మ ఉంటుంది, ఫ్యాన్ కింద పావుగంట ఉంచండి. పలక పెట్టి బొటనవేళ్ళతో గట్టిగా అదమండి. ఈ పలకల వెనక ఉండే వీహెచ్‌బీ రకం గట్టి జిగురు టేపు 20 నిమిషాలకు సగం బలమే పుంజుకుంటుంది, ఒక రోజుకి 90 శాతం, పూర్తి బలానికి 72 గంటలు. అంటించిన గంటకే లాగి చూసి "ఊడొచ్చేసింది, పనికిరాదు" అనేవాళ్ళు ఆ 72 గంటలు ఇవ్వనివాళ్ళే. గాలి రంధ్రాల మీద, బ్యాటరీ ఉన్న చోట అంటించకండి.

డెస్క్‌టాప్ సీపీయూ పెట్టె వెనక చిన్న కన్ను ఉంటే దానికి మామూలు తాళంకప్ప వేయొచ్చు. పక్క పలక విప్పి ర్యామ్ ముక్కలు తీసుకుపోవడం ఆగేది దానితోనే.

వస్తువు కొన్న రోజునే బిల్లు, సీరియల్ నంబరు ఫోటో తీసి మెయిల్‌లో దాచండి. లాప్‌టాప్‌కి అది అడుగున ఉంటుంది, ఫోన్‌లో *#06# కొడితే ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు వస్తుంది. పోయిన ఫోన్‌ని 2023 మే నుంచి దేశమంతా పనిచేస్తున్న సీఈఐఆర్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఆపించవచ్చు, దానికి పోలీసు ఫిర్యాదు కాపీ కావాలి. లాప్‌టాప్‌కి అలాంటి ఏర్పాటు లేదు. లోపలి సమాచారాన్ని విండోస్‌లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్‌తో కాపాడుకోవాలి, దాని 48 అంకెల రికవరీ కీ కాగితాన్ని లాప్‌టాప్ బ్యాగులో పెట్టకూడదు. ఫిర్యాదులో భారతీయ న్యాయ సంహితలోని 303వ సెక్షను దొంగతనానికి, ఇంట్లోనో బండిలోనో పోతే 305 వర్తిస్తుంది. సీరియల్ నంబరు లేని ఫిర్యాదుతో, దొరికిన వస్తువు మీదే అని చెప్పుకోవడం కష్టం.

లంక గ్రామాల్లో ఉన్నవాళ్ళకి తాళం వేయడంతో పాటు తీయడం కూడా అంతే ముఖ్యం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వినగానే కేబుల్ తాళాలన్నీ విప్పి బ్యాగుల్లో పెట్టేయండి. పడవ వచ్చాక చీకట్లో తాళంచెవి వెతుక్కునే పని పెట్టుకోవద్దు. కొక్కెం కూడా నేల మట్టానికి కాకుండా నడుమెత్తులో వేయించుకోండి.

ప్రతి తాళంతో రెండు తాళంచెవులు వస్తాయి. వాటి మీదున్న నంబరు రాసి పెట్టుకోండి, కొన్ని కంపెనీలు ఆ నంబరుతో కొత్తది ఇస్తాయి. రెండోది ఇంట్లో కాకుండా వేరే చోట ఉంచండి. రెండూ పోతే లాప్‌టాప్‌కి బిగించి ఉన్న మూతిని రంపంతో కోయకండి, లోహపు రజను గాడిలోంచి లోపలికి రాలి బోర్డుని షార్ట్ చేస్తుంది. ముందు తీగని కట్టే చోటు దగ్గర తెంపించి, మూతి వేలాడుతుండగానే లాప్‌టాప్‌ని తాళాలు చేసే మనిషి దగ్గరికి తీసుకెళ్ళండి.